ఒకే దారానికి రెండు బంతులు

భౌతికశాస్త్ర ఉపాధ్యాయులకు లైసెన్సు ఇచ్చే మా శిక్షణ కళాశాలలో ప్రయోగశాల తలుపును ఏళ్ళ తరబడి ఎవరూ తెరవలేదనీ, అందుచేత లోపలి పరికరాలన్నీ చెక్కు చెదరకుండా ఉన్నాయనీ ప్రజలకు సంతోషంతో తెలియజేస్తున్నాం. మొన్న వచ్చిన తనిఖీ బృందం తాళాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, తాళం భేషుగ్గా ఉందని రాసి, టీ తాగి వెళ్ళింది. ఇంతటి ప్రశంస మరో కళాశాలకు దక్కినట్టు మేము వినలేదు.

నేను ఆ కళాశాలలో బోధనా పద్ధతుల అధ్యాపకుణ్ణి. భౌతికశాస్త్రాన్ని ఎలా చెప్పాలో నేర్పేది నేనే. భౌతికశాస్త్రం మాత్రం నేను చదవలేదు. చదివి ఉంటే మనసు విషయం మీదికి పోయి పద్ధతి పాడయ్యేది. గిట్టనివాళ్ళు ఈ సంగతిని నా వెనక ఇంకో రకంగా చెప్పుకుంటారు, చెప్పుకోనివ్వండి. నా చేతి మీదుగా వెళ్ళిన ఉపాధ్యాయులు ఇవాళ ప్రతి వీధిలోనూ ఉన్నారు. ఫిజిక్సు పీరియడు రాగానే మీ పిల్లలకు కడుపునొప్పి ఎందుకొస్తుందో ఎవరినీ అడగనక్కర్లేదు.

మా దగ్గర చదువు ఆషామాషీగా ఉండదు. తరగతిగదిలోకి ఏ కాలు ముందు పెట్టాలి, సుద్దముక్కను ఎన్ని వేళ్ళతో పట్టుకోవాలి, నల్లబల్లను పైనుంచి కిందికి తుడవాలా, పక్కకు తుడవాలా అన్న అంశాలకే మొదటి ఏడాది సరిపోతుంది. బల్ల తుడవడం మీద మా ప్రిన్సిపాలుకూ నాకూ అభిప్రాయభేదం ఉంది. మేమిద్దరం మాట్లాడుకోవడం మానేశాం గాని, శిక్షణకు వచ్చిన ఛాత్రోపాధ్యాయుల ప్రయోజనం దృష్ట్యా ఇద్దరి పద్ధతులూ పరీక్షకు పెట్టాం.

రెండో ఏడాది లెసన్ ప్లాన్ రాయడం. కాగితాన్ని నిలువుగా రెండు భాగాలు చేసి, ఎడమవైపు ఉపాధ్యాయుడు ఏం చేస్తాడో, కుడివైపు విద్యార్థులు ఏం చేస్తారో రాయాలి. 'విద్యార్థులు ఆసక్తిగా వింటారు. విద్యార్థులు తప్పు జవాబు చెబుతారు. విద్యార్థులు ఆశ్చర్యపోతారు.' పాఠం మొదలవకముందే ఎదుటివాడు ఎప్పుడు ఆశ్చర్యపోతాడో రాసిపెట్టడం పేరున్న జ్యోతిష్కులకు కూడా చేతకాని పని. మా వాళ్ళు కన్నుమూసి తెరిచేలోగా రాస్తారు. ఆ తర్వాత ఒకరు టీచరుగా, మిగతావాళ్ళు పిల్లలుగా నటించి అభ్యాసం చేస్తారు. మీసాలున్న మగవాళ్ళు పొట్టి బల్లల మీద మోకాళ్ళు గడ్డానికి ఆనేలా కూర్చుని నోళ్ళు తెరుస్తూ ఉంటే, "ఆశ్చర్యం చాల్లేదు, మళ్ళీ" అని నేను కేకేస్తూ ఉంటాను.

ఇంత కష్టపడ్డాక వాళ్ళను పక్కనే ఉన్న మా నమూనా పాఠశాలకు పంపుతాం. అక్కడి పిల్లలను చూసి తీరాలి. ప్రతి ఏడూ కొత్త ఛాత్రోపాధ్యాయులు వచ్చి అవే పాఠాలు చెప్పడం వల్ల వాళ్ళు విద్యార్థి వృత్తిలో చెయ్యి తిరిగినవాళ్ళు. ఎక్కడ చెయ్యెత్తాలో, ఎక్కడ తప్పు చెప్పి టీచరుకు దిద్దే అవకాశం ఇవ్వాలో, ఎక్కడ 'ఆహా' అనాలో వాళ్ళకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. కొత్త టీచరు తడబడితే ముందు బల్లవాళ్ళే మెల్లగా మాట అందిస్తారు. వాళ్ళకు ఫిజిక్సు వచ్చా అని ఒక పెద్దమనిషి అడిగాడు. అది ప్రణాళికలో లేదు.

లైసెన్సు పరీక్షకు మేము ఎప్పుడూ ఒకే పాఠం ఇస్తాం: స్వేచ్ఛాపతనం. పై నుంచి వదిలితే బరువైన వస్తువైనా, తేలికైన వస్తువైనా ఒకేసారి నేలను చేరతాయని చెప్పే పాఠం. పూర్వం దీన్ని ఇనప గుండు పడేసి చూపించేవారు. ఒకసారి పరీక్షలో ఒక కుర్రాడి చెయ్యి జారి ఆ గుండు పరీక్షకుడి బొటనవేలి మీద పడింది. వెంటనే ఒక సంఘం వేశారు. సంఘం లోతుగా ఆలోచించి, స్వేచ్ఛాపతన పాఠంలో ఏ వస్తువునూ పడవేయరాదని తీర్మానించింది. అప్పటినుంచీ చార్టు వాడుతున్నాం. చార్టు మీద అట్టతో చేసిన పెద్ద బంతి ఒకటి, చిన్న బంతి ఒకటి ఉంటాయి. రెండింటికీ వెనకనుంచి ఒకే దారం. టీచరు దారం లాగితే రెండూ కలిసి కిందికి దిగుతాయి. బయట ప్రపంచంలో గాలి, తొందర, అజాగ్రత్త లాంటి అవాంతరాలు ఉంటాయి. మా చార్టులో ఆ బెడద లేదు.

దెబ్బ తగిలిన ఆ పరీక్షకుణ్ణి తర్వాత శాశ్వత ముఖ్య పరీక్షకుడిగా నియమించారు. ఈ పాఠంలో ఆయనకున్న అనుభవం ఇంకెవరికీ లేదు కదా. మేమందరం ఆయన్ను గౌరవంగా బొటనవేలుగారు అంటాం.

ఇలా అంతా సజావుగా సాగుతూ ఉండగా అక్కగారు వచ్చి చేరింది. తోటివాళ్ళంతా కుర్రకారు, ఈవిడకు బడికెళ్ళే కూతురుంది. అందుకని వాళ్ళు అక్కా అనేవాళ్ళు. వినీ వినీ నాకూ అదే అలవాటై, నా కూతురి వయసు మనిషిని అక్కగారూ అని పిలిచేవాణ్ణి. అంతకుముందు ఆవిడ ఒక బడిలో చాలాకాలం ఫిజిక్సు చెప్పిందట. పిల్లలు ఆవిడ క్లాసు కోసం ఎదురుచూసేవాళ్ళట. ఈ మాట చెవిన పడగానే నాకు అనుమానం తగిలింది. పిల్లలు ఎదురుచూసే క్లాసులో పద్ధతి ఉండే అవకాశం బహు తక్కువ.

లైసెన్సు లేనివాళ్ళు తరగతిగదిలో అడుగు పెట్టకూడదని కొత్త నిబంధన రావడంతో ఆవిణ్ణి ఆఫీసు గదిలో కూర్చోబెట్టి గంట కొట్టే పని ఇచ్చారు. ఆ బడి ప్రధానోపాధ్యాయురాలు మంచి మనిషి. "రెండేళ్ళ శిక్షణ ముగించి, ఆ సెలవులయ్యి బడి తెరిచేలోగా లైసెన్సు తెచ్చుకోమ్మా. అందాకా నీ క్లాసు ఇంకొకరికి ఇవ్వను. ఆ తర్వాత నా చేతుల్లో లేదు" అంది. చేరిన రోజున అక్కగారు ఈ మాట నాకు చెప్పుకుంది. "నాకు వేరే పనేదీ రాదు సార్, చెప్పడం ఒక్కటే వచ్చు" అంది. రాదని ఒప్పుకోవడం మంచి లక్షణమేనని మెచ్చుకున్నాను.

పరీక్ష దగ్గర పడుతుండగా ఒకనాడు అక్కగారి అత్తగారు కళాశాలకు వచ్చి నా గదిలో కూలబడింది.

"ఏం నేర్పుతున్నారు మాస్టారూ మా కోడలికి? ఇంట్లో గిన్నెలన్నీ సొట్టలు పోయాయి. తల్లీ కూతురూ వంటింట్లో చేరి అది పడెయ్యి, ఇది పడెయ్యి అంటారు. నన్ను కూడా వదల్లేదు. 'అత్తయ్యా, కళ్ళు మూసుకుని వినండి, చప్పుళ్ళు ఎన్నో చెప్పండి' అంటుంది. ఒక చేత్తో తాళంకప్ప, ఇంకో చేత్తో బంగాళాదుంప. బరువుదే ముందు పడుతుంది, ఆ మాత్రం నాకు తెలీదా అన్నాను. వదిలింది. ఒకటే చప్పుడు! మళ్ళీ వెయ్యమన్నాను. మళ్ళీ ఒకటే! మా మనవరాలు చప్పట్లు కొట్టి, 'నానమ్మ ఓడిపోయింది' అంటుంది. అప్పట్నుంచీ నాకు అన్నం సయించడం లేదు మాస్టారూ. ఇన్నేళ్ళూ బరువుదే ముందు పడుతుందనుకుంటూ బతికేశాను కదా! ఈ వయసులో ఇవన్నీ నాకెందుకు చెప్పండి?"

ఆవిడ బాధ చూసి నా మనసు కరిగింది. అక్కగారిని పిలిపించాను.

"ఇంట్లో వస్తువులు పడేస్తున్నారట?"

"పడేస్తేనే కదా సార్ పడేది."

"చార్టు ఉందిగా."

"చార్టులో రెండు బంతుల్నీ ఒకే దారం లాగుతోంది సార్. ఒకేసారి రాక ఏం చేస్తాయి?"

"మనకు కావలసింది అదే కదమ్మా!"

ఆవిడ నవ్వేసింది. ఆ నవ్వు నాకు నచ్చలేదని ఇక్కడ నమోదు చేస్తున్నాను.

పరీక్ష రోజు వచ్చింది. నల్లబల్లకు చార్టు తగిలించారు. వెనక కుర్చీల్లో బొటనవేలుగారు, ప్రిన్సిపాలు, నేను. అక్కగారు సరైన కాలు ముందు పెట్టి లోపలికి వచ్చింది. సుద్దముక్కను సరైన వేళ్ళతో పట్టుకుంది. పాఠం నల్లేరు మీద బండిలా సాగింది. "పెద్ద బంతి, చిన్న బంతి పైనుంచి వదిలితే ఏది ముందు నేలను చేరుతుంది?" అని అడిగింది. "బరువైనదే టీచర్!" అని తరగతి యావత్తూ ఒక్క గొంతుతో తప్పు చెప్పింది. అక్కగారు దారం లాగింది.

ఏటేటా లాగీ లాగీ ఆ దారం ఎక్కడో నలిగి తెగినట్టుంది. పెద్ద బంతి సర్రున కిందికి దిగింది. చిన్న బంతి సగం దారిలో ఆగిపోయింది.

"ఆహా! రెండూ ఒకేసారి పడ్డాయి టీచర్!" అంది తరగతి.

నా ఉద్యోగ జీవితంలో పిల్లలను చూసి గర్వంతో కళ్ళు చెమ్మగిల్లిన క్షణం అదొక్కటే. చిన్న బంతి వాళ్ళ కళ్ళెదుటే వేలాడుతోంది. ఒక్కరు కూడా చలించలేదు. నోళ్ళు తెరవాల్సినంత తెరిచారు, కళ్ళు పెద్దవి చేయాల్సినంత చేశారు. బొటనవేలుగారు తల ఎత్తకుండానే 'విద్యార్థుల ఆశ్చర్యం: సంపూర్ణం' అని రాసుకున్నారు. ఇక అక్కగారు ప్రణాళికలో ఉన్న ప్రకారం 'భేష్, చక్కగా గమనించారు' అనాలి. ఆ మాట అనేస్తే లైసెన్సు చేతికొచ్చినట్టే, తన క్లాసు తనకు దక్కినట్టే. ఆవిడ పెదవులు కదిలాయి కూడా. 'భే' అన్నంతవరకూ నాకు స్పష్టంగా వినిపించింది.

తర్వాత ఆవిడ పిల్లల మొహాలు చూసింది. చార్టు చూసింది. మళ్ళీ పిల్లల్ని చూసింది.

"లేదర్రా, చిన్నది ఇంకా పైనే ఉంది. చూడండి" అంది.

తరగతి బిక్కచచ్చిపోయింది. ఇలాంటి మాట వాళ్ళు అంతవరకూ ఏ టీచరు నోటా వినలేదు. ముందు బల్ల మీది రెండు జడల పిల్ల జాలిపడి, "పర్లేదు టీచర్, ఎలా పడ్డా రెండూ ఒకేసారి అనే చెప్పాలి. పోయినసారి టీచర్‌కి కూడా అలాగే చెప్పాం" అని ధైర్యం చెప్పింది.

పిల్ల అంత సాయం చేసినా అక్కగారు అందుకోలేదు. తన సంచీలోంచి స్టీలు టిఫిను డబ్బా తీసింది. ఇంకో చేత్తో సుద్దముక్క పట్టుకుంది. రెండు చేతులూ పైకెత్తింది. "అందరూ కళ్ళు మూసుకుని వినండి. చప్పుళ్ళు ఎన్నో చెప్పండి" అంది. నేను చూస్తూ ఉండగానే బొటనవేలుగారు రెండు కాళ్ళూ కుర్చీ మీదికి తీసుకున్నారు.

డబ్బా పడింది. సుద్దముక్క పడింది. ఒకటే చప్పుడు.

ఎవరూ ఆహా అనలేదు. వెనకనుంచి ఎవడో "మళ్ళీ వెయ్యండి టీచర్" అన్నాడు. ఇది ప్రణాళికలో లేదు. ఆవిడ మళ్ళీ వేసింది. "కాగితం వెయ్యండి టీచర్" అన్నాడు ఇంకొకడు. అక్కగారు బల్ల మీదున్న తన లెసన్ ప్లాన్‌లోంచి ఒక పేజీ తీసి, డబ్బాతో పాటు వదిలింది. డబ్బా ఠంగుమంది. కాగితం అటూ ఇటూ ఊగుతూ తీరిగ్గా దిగింది.

"కాగితం ఓడిపోయింది! ఎందుకు టీచర్?" అంది రెండు జడల పిల్ల.

"నన్నడుగుతావేం? కాగితాన్నే అడుగు."

ఆ పిల్ల లేచి వచ్చి కాగితాన్ని చేతిలోకి తీసుకుంది. కాసేపు చూసింది. ఉండ చుట్టింది. ఏ అనుమతీ లేకుండా బల్లెక్కి, డబ్బాతో కలిపి వదిలింది. ఒకటే చప్పుడు. "కాగితం అదే, బరువూ అదే! ఇందాక గాలి పట్టుకుంది దాన్ని!" అని అరిచింది. అంతే, క్లాసు చేయి దాటిపోయింది. బూట్లు పడ్డాయి, సంచులు పడ్డాయి, ఒకడు బెల్టు ఊడదీశాడు. లెసన్ ప్లాన్ మొత్తం ఉండలైపోయింది. గంట కొట్టినా ఒక్క పిల్లా కదల్లేదు. గంట కొడితే కదలని పిల్లలను నేను అంతకుముందు చూడలేదు, ఇకముందు చూడాలనీ లేదు.

ఆ సాయంత్రం బొటనవేలుగారు మాట్లాడుతూ, "ఈ అభ్యర్థిని పట్ల నాకు వ్యక్తిగతంగా ఎలాంటి కోపమూ లేదు. ఆమెకు విషయం తెలుసు. తెలిసిన విషయాన్ని అదుపులో పెట్టుకోవడం తెలియదు. ఆమె తరగతిలో పిల్లలు ఆశ్చర్యపోవాల్సిన చోట ఆశ్చర్యపోవడం మానేసి ఆలోచించారు. ఇది అంటువ్యాధి వంటిది. విద్యావ్యవస్థ శ్రేయస్సు దృష్ట్యా దీన్ని మొదట్లోనే అరికట్టాలి" అన్నారు. మేమంతా చప్పట్లు కొట్టాం. అక్కగారు తప్పింది.

ఆయన మాట అక్షరాలా నిజమైంది. వారం తిరక్కముందే నమూనా పాఠశాల తల్లిదండ్రులు గుంపుగా వచ్చారు. ఒకాయన అందరినీ తోసుకుని ముందుకొచ్చాడు. "భోజనాల దగ్గర మావాడు చెంచా, గ్లాసు కలిపి పడేసి, నాన్నా ఇవి ఒకేసారి ఎందుకు పడ్డాయి అన్నాడండీ. నోర్ముయ్ అన్నాను. నోర్ముయ్ అంటే జవాబు కాదు నాన్నా అన్నాడు! భార్య ముందు నా పరువేం కావాలి?" ఇంకొకావిడ, "ఇవన్నీ పరీక్షలో వస్తాయా? రాకపోతే వాళ్ళెందుకు తెలుసుకోవాలి?" అంది. న్యాయమైన మాటే. అలాంటిది ఇకమీదట జరగదని హామీ ఇచ్చి, టీ ఇప్పించి పంపాను. కుర్చీలు చాలక కొందరు గోడకు ఆనుకుని నిలబడాల్సి వచ్చింది, అందుకు ఇప్పటికీ బాధపడుతున్నాను.

తప్పినవాళ్ళకు బడులు తెరిచేలోగా మరో అవకాశం ఇచ్చే ఉదారత మా కళాశాలకు ఉంది. అక్కగారు నా గదికి వచ్చి నిలబడింది. మనిషి చిక్కిపోయింది.

"మా హెడ్మిస్ట్రెస్ ఇంకో మనిషిని చూసుకుంటున్నారట సార్. ఈసారి కూడా పోతే ఇక జన్మంతా గంట కొట్టుకోవడమే. ఒకసారి లైసెన్సు చేతికొస్తే ఆ తర్వాత నా క్లాసులో నాకు నచ్చినట్టు చెప్పుకుంటాను." గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, "ఈసారి దారం తెగితే?" అని అడిగింది.

"తెగదు. నైలాను దారం తెప్పించాను" అన్నాను.

ఈసారి ఆవిడ నవ్వలేదు. మొదటిసారిగా నాకు ఆవిడలో ఉపాధ్యాయురాలు కనిపించింది. తర్వాత బజారులో అత్తగారు ఎదురైతే, ఇప్పుడు ఇల్లు ప్రశాంతంగా ఉందా అని పరామర్శించాను. "కోడలు ఇంట్లో కూడా ఒక చార్టు కట్టుకుని, దాని ముందు నిలబడి గొణుక్కుంటూ ఉంటుంది మాస్టారూ. కూతురు వచ్చి ఏదన్నా పడేద్దామమ్మా అంటే, ఇప్పుడు కాదు, పరీక్ష అవ్వనీ అంటుంది. గిన్నెలు బాగానే ఉన్నాయి. కానీ ఏంటో, ఇంట్లో చప్పుడు లేకపోతే నాకే తోచడం లేదు" అంది. పెద్దవాళ్ళకు ఎలా ఉన్నా తోచదు.

అక్కగారు పాసయింది. మామూలుగా కాదు, మొదటి స్థానంలో. దారం లాగిన తీరును బొటనవేలుగారు స్వయంగా నిలబడి మెచ్చుకున్నారు. లైసెన్సు పటం కట్టించి ఇచ్చాం. ఆవిడ క్లాసు ఆవిడకు దక్కింది. ఇష్టమొచ్చినట్టు చెప్పుకోవచ్చన్న మాట మాత్రం కుదిరినట్టు లేదు. మొదటి వారం సిలబసు అయ్యాక అనుకుంది, తర్వాత పరీక్షలయ్యాక అనుకుంది, ఆ తర్వాత అనుకోవడం మానేసింది. ఫలితాలు బ్రహ్మాండంగా వచ్చాయి.

ఈమధ్య ఆ బడి తనిఖీకి నన్ను పంపారు. అక్కగారి తరగతి గోడకు లైసెన్సు, లైసెన్సు పక్కన చార్టు. అదే పాఠం చెప్పమన్నాను. తరగతి చూడముచ్చటగా ఉంది, చేతులు కట్టుకుని, వీపులు నిటారుగా పెట్టి. మూడో బల్ల దగ్గర ఒక పిల్ల మొహం ఎక్కడో చూసినట్టనిపించింది. అక్కగారి కూతురు. ఆ ఏడే పై తరగతికి వచ్చి తల్లి క్లాసులో చేరిందట.

"పెద్ద బంతి, చిన్న బంతి పైనుంచి వదిలితే ఏది ముందు నేలను చేరుతుంది?" అని అడిగింది అక్కగారు.

"బరువైనదే టీచర్!" అంది తరగతి. అందరికంటే గట్టిగా వినిపించింది కూతురి గొంతే. వంటింట్లో తాళంకప్పా, బంగాళాదుంపా ఒకటే చప్పుడుతో పడితే, నానమ్మ ఓడిపోయిందని చప్పట్లు కొట్టిన పిల్ల.

అక్కగారి చెయ్యి దారం దగ్గర ఆగిపోయింది. కూతురి వైపే చూస్తూ నిలబడింది. 

"లాగండి టీచర్" అంది కూతురు మెల్లగా, తడబడే టీచరుకు మాట అందించినట్టు.

అక్కగారు లాగింది. రెండు బంతులూ ఒకేసారి దిగాయి. 'ఆహా' వచ్చింది. ఆ ఆలస్యానికి ఒక మార్కు తగ్గించి, మిగతాదంతా అత్యుత్తమం అని రాసి వచ్చాను.

ఆ బడిలో ఇప్పుడు సీటు దొరకడం గగనం. నిన్న గేటు ముందు బారులో మిమ్మల్ని చూశాను. పలకరిద్దామనుకుంటే మీరు దరఖాస్తు నింపే హడావిడిలో ఉన్నారు. ఆ రోజు నా గదిలో కుర్చీ దొరక్క గోడకు ఆనుకుని నిలబడ్డది మీరే కదూ? మీరు అడిగినట్టే చేశాం. ఇప్పుడు ఇంట్లో పిల్లలు ఏమీ అడగడం లేదు కదా?